విదేశీ యూనివర్సిటీతో భాగస్వామ్యం ఎలా కుదుర్చుకోవాలి? ఓరుగల్లు నుంచి మొదలుపెట్టే వాళ్లకు

"సార్, ఇంటర్నేషనల్ అఫైర్స్ ఇక మీరే చూసుకోవాలె" అంటూ రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి ఆర్డరు కాపీ వస్తుంది. జీతం పెరగదు, క్లాసులు తగ్గవు. ఒక గది, ఒక బీరువా, అందులో పాత ఫైళ్లు మాత్రం అప్పజెప్తారు. కాకతీయలోనో, శాతవాహనలోనో, తెలంగాణ యూనివర్సిటీలోనో, ఏదైనా ప్రైవేటు యూనివర్సిటీలోనో ఈ బాధ్యత మీ నెత్తిన పడితే ఎక్కడ షురూ చేయాలో చెప్పడానికే ఇది రాస్తున్నా. నిట్ లాంటి సంస్థల ముచ్చట కొంచెం వేరు. వాళ్లకు సొంత చట్టం, సొంత సెనేట్, దేశదేశాల్లో పూర్వ విద్యార్థులు ఉన్నారు. అయినా పని జరిగే తీరు అక్కడా ఇదే.

పైవాళ్లు మిమ్మల్ని మొట్టమొదట అడిగేది "ఎన్ని ఎంఓయూలు (అవగాహన ఒప్పందాలు) అయినయ్?" అని. ఆ లెక్కలో పడకండి. పని లేకుండా దస్కతులు పెట్టుకోవడమంటే ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టే. ఇక్కడో పంతులు, అక్కడో పంతులు కలిసి ఒక చిన్న పని పూర్తి చేయాలి. దాన్ని పెద్దది చేయడానికి కాగితం అడ్డం వచ్చినప్పుడు ఎంఓయూ రాసుకోవాలి. ఈ వరసను తలకిందులు చేసినందుకే మన బీరువాలు శాలువాల ఫొటోలతో నిండిపోయాయి.

ముందు ఆ బీరువా తెరవండి

పాత ఒప్పందాలన్నీ బల్ల మీద పరిచి మూడు కుప్పలు పెట్టండి. గడువు ఉండి పని జరుగుతున్నవి ఒకటి. గడువు తీరినా మన దగ్గర ఎవరో ఒకరు అవతలి మనిషితో ఇంకా మాట్లాడుతున్నవి రెండోది. ఇటువైపు ఎవరు, అటువైపు ఎవరు అన్నది కూడా తెలియనివి మూడోది. మూడో కుప్పే పెద్దగా ఉంటుంది, కంగారు పడొద్దు. దాన్ని కట్టగట్టి పక్కన పెట్టేయండి. వెబ్‌సైట్‌లో నుంచి కూడా తీయించండి. చచ్చిన ఒప్పందాల జాబితా చూసి మోసపోయే విదేశీ యూనివర్సిటీ ఏదీ లేదు. వాళ్లు నేరుగా అవతలి సంస్థకే మెయిల్ పెట్టి కనుక్కుంటారు.

తర్వాత లైబ్రరీకి వెళ్లి ఒక సాయం అడగండి. గత ఐదేళ్లలో మీ యూనివర్సిటీ పేరుతో అచ్చయిన పరిశోధనా పత్రాల్లో విదేశీ సహ రచయితలు ఉన్నవాటిని స్కోపస్ అనే పరిశోధనా పత్రాల డేటాబేస్‌లో వెతికించి జాబితా తీయించండి. నా లెక్క ప్రకారం మీ అసలు భాగస్వాములు ఈ జాబితాలోనే ఉంటారు. కెమిస్ట్రీలోనో ఫార్మసీలోనో ఒక మేడం ఏళ్లుగా ఏ పోలండ్ ప్రొఫెసర్‌తోనో పేపర్లు రాస్తూ ఉంటుంది, ఆ సంగతి పక్క డిపార్ట్‌మెంటుకు కూడా తెలియదు. పోస్ట్ డాక్ చేసి వచ్చినవాళ్లు, 2015లో మొదలైన జ్ఞాన్ పథకం కింద విదేశీ ఆచార్యులను పిలిపించి కోర్సులు నడిపినవాళ్లు, 2018 నాటి స్పార్క్ పథకం కింద విదేశీ సంస్థలతో ఉమ్మడి పరిశోధన ప్రాజెక్టులు చేసినవాళ్లు ఎవరైనా ఉన్నారేమో కూడా కనుక్కోండి. వీళ్లందరితో కూర్చుని చాయ్ తాగితే మీ మొదటి ప్రణాళిక సగం తయారైనట్టే.

మన దగ్గర ఏముందని వాళ్లు రావాలె?

ఎక్కువ సమయం ఇక్కడ పెట్టండి. "మా దగ్గర ఇన్ని ఎకరాల క్యాంపస్, ఇన్ని కోర్సులు, ఇంతమంది విద్యార్థులు" అని చెప్తే ఎవరూ కదలరు. అలాంటి క్యాంపస్‌లు దేశంలో వందల్లో ఉన్నాయి. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. వరంగల్ చుట్టూ వంద, నూటయాభై కిలోమీటర్ల లోపల వేరేచోట దొరకనివి ఏమున్నాయో రాసుకోండి.

రామప్పనే తీసుకోండి. 1213 నాటి గుడి, 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కింది. ఇసుక నింపిన పునాది, గుడి శిఖరానికి వాడిన తేలికపాటి ఇటుక, ఈ రెండూ సివిల్ ఇంజినీరుకు, మట్టి మీద పనిచేసేవాడికి, చరిత్రకారుడికి, కట్టడాల పరిరక్షణ చదివేవాడికి ఒకేసారి పనికొచ్చే విషయాలు. యూరప్‌లో పాత కట్టడాల సంరక్షణ మీదే పీజీ కోర్సులు నడిపే విభాగాలు బోలెడు. వాళ్ల విద్యార్థికి క్షేత్రం కావాలి, మన విద్యార్థికి వాళ్ల ల్యాబ్ కావాలి. ఇక్కడ బేరం సమానంగా కుదురుతుంది. ఒకటి మరిచిపోవద్దు: గుడి పురావస్తు శాఖది, యూనివర్సిటీది కాదు. గోడ మీద పరికరం పెట్టాలన్నా వాళ్ల అనుమతి కావాలి. విదేశీయులకు మాటిచ్చే ముందే ఆ గడప తొక్కండి.

నీళ్ల సంగతి ఇంకా బలమైనది. కాకతీయుల గొలుసుకట్టు చెరువులు, 2015లో మొదలైన మిషన్ కాకతీయ పూడికతీత ఒకవైపు. 2023 జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులో కురిసిన 649.8 మిల్లీమీటర్ల వాన, అదే వారం మోరంచపల్లిని ముంచిన వరద మరోవైపు. ఎనిమిది వందల ఏళ్ల నాటి చెరువుల వ్యవస్థ ఇప్పటి వానలను ఎంతవరకు తట్టుకుంటుంది? నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్‌లో నీటి చదువులకే ప్రత్యేకించిన ఐహెచ్‌ఈ అనే సంస్థ ఉంది. అలాంటిచోట పనిచేసేవాళ్లకు ఈ ప్రశ్న ఒక్కటి చాలు.

సింగరేణి గనులు, వాటి వెంబడి మిగిలే ఓపెన్‌కాస్ట్ గుంతలు, భూపాలపల్లి నుంచి మంచిర్యాల దాకా ఉన్నాయి. జర్మనీ తన చివరి నల్లబొగ్గు గనిని 2018 డిసెంబరులో మూసేసింది. బోఖుమ్‌లోని గేయోర్గ్ అగ్రికోలా యూనివర్సిటీలో గనులు మూతపడ్డాక ఏం చేయాలన్నదాని మీదే ఒక పరిశోధన కేంద్రం నడుస్తోంది. ఇక్కడ మనకు తెలిసింది వాళ్లకు, వాళ్లు పడిన పాట్లు మనకు ఉపయోగమే. మేడారం జాతర, కోయల చరిత్ర, ములుగులో కొత్తగా వచ్చిన సమ్మక్క సారక్క గిరిజన విశ్వవిద్యాలయం ఉన్నాయి కాబట్టి ఆదివాసీ అధ్యయనాలు నడిపే కెనడా, న్యూజిలాండ్, ఆస్ట్రేలియా విభాగాలతో మాట కలపొచ్చు. కాకపోతే ఇక్కడ జాగ్రత్త. ఊరివాళ్లను నమూనాలుగా చూసే ప్రాజెక్టు ఎంత డబ్బు తెచ్చినా వద్దనండి.

ఈ జాబితాలో రెండిటినే ఎంచుకోండి. అన్నీ చేస్తామంటే ఏదీ జరగదు.

అర్హత ముందే చూసుకోండి

విద్యార్థుల డిగ్రీల దాకా వెళ్లాలంటే యూజీసీ 2022 మే నెలలో తెచ్చిన నిబంధనలు చదవాల్సిందే. వాటిలో మూడు రకాల కోర్సులు ఉన్నాయి. ట్విన్నింగ్‌లో మన విద్యార్థి కొన్ని క్రెడిట్లు, గరిష్ఠంగా 30 శాతం, అక్కడ చదువుతాడు. డిగ్రీ మాత్రం మనదే. జాయింట్ డిగ్రీలో సిలబస్ ఇద్దరూ కలిసి తయారుచేస్తారు, రెండు సంస్థల లోగోలతో ఒకే పట్టా. ఒక్కోచోట కనీసం 30 శాతం క్రెడిట్లు సంపాదించాలి. డ్యూయల్ డిగ్రీలో రెండు సంస్థలూ ఒకే సబ్జెక్టులో వేర్వేరు పట్టాలిస్తాయి, మన దగ్గర కనీసం 30 శాతం ఉండాలి. రెండు వేర్వేరు సబ్జెక్టుల్లో రెండు పట్టాలు అని మార్కెటింగ్ వాళ్లు ప్రచారం చేస్తే నమ్మొద్దు, ఆపండి.

విద్యాసంస్థల నాణ్యతకు గుర్తింపు ఇచ్చే న్యాక్‌లో 3.01 స్కోరు గానీ, కేంద్రం ఇచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకుల్లో యూనివర్సిటీల విభాగంలో మొదటి 100లో చోటు గానీ, ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఎమినెన్స్ హోదా గానీ ఉంటే, టైమ్స్ లేదా క్యూఎస్ ర్యాంకుల్లో మొదటి 1000లో ఉన్న విదేశీ సంస్థతో యూజీసీ ముందస్తు అనుమతి లేకుండానే ఒప్పందం చేసుకోవచ్చు. లేకపోతే అనుమతి తీసుకోవాలి, దానికి టైం పడుతుంది. అనుబంధ కాలేజీల ప్రిన్సిపాళ్లు "మేమే నేరుగా చేసుకుంటం" అని వస్తారు. డిగ్రీ ఇచ్చేది యూనివర్సిటీ కాబట్టి దారి యూనివర్సిటీ నుంచే అని మర్యాదగా చెప్పండి.

అధ్యాపకుల రాకపోకలు, కలిసి పాఠాలు, ఉమ్మడి పరిశోధన, వీటికి ఈ నిబంధనల గొడవ లేదు. కాబట్టి అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

మొదటి మెయిల్

వీసీ గారి సంతకంతో అవతలి ప్రెసిడెంట్‌కు లేఖ రాయించకండి. అది ఒక డెస్క్ నుంచి ఇంకో డెస్క్‌కు తిరిగి ఎక్కడో ఆగిపోతుంది. మన ప్రొఫెసర్ వాళ్ల ప్రొఫెసర్‌కు రాయాలి, మీరు కాపీలో ఉండాలి. మెయిల్‌లో పొగడ్తలు వద్దు, యూనివర్సిటీ చరిత్ర వద్దు. ఇంగ్లిష్‌లో మీ మాటల్లో రాసుకోండి, సారం మాత్రం ఇలా ఉండనివ్వండి:

"చెరువుల నిల్వ సామర్థ్యం మీద మీరు రాసిన పత్రం మా పీజీ క్లాసులో చదివించాం. మేం వరంగల్ చుట్టూ ఉన్న పన్నెండు చెరువుల్లో రెండేళ్లుగా నీటిమట్టం కొలుస్తున్నాం, ఒక చెరువు లెక్కలు దీనికి జతచేశాను. వచ్చే సెమిస్టరులో మీ విద్యార్థులు, మా విద్యార్థులు ఇదే డేటా మీద నాలుగు వారాలు కలిసి పనిచేసే వీలుందా? అరగంట మాట్లాడుకుందాం. మంగళవారం మీకు ఉదయం తొమ్మిదింటికి కుదురుతుందా?"

అడిగింది ఒక్కటే, ఇచ్చింది కూడా ఉంది. జవాబు రాకపోతే రెండు వారాల తర్వాత ఒకసారి గుర్తుచేయండి, అంతే. టైం విషయంలో ఒక చిట్కా: మనకు మధ్యాహ్నం ఒంటిగంటన్నర అంటే చలికాలంలో జర్మనీలో ఉదయం తొమ్మిది, సియోల్‌లో సాయంత్రం ఐదు. మూడు చోట్లా ఆఫీసు వేళలే. అమెరికావాళ్లతో అయితే రాత్రి కూర్చోక తప్పదు.

ఎన్నారై పూర్వ విద్యార్థులు ఈ దశలో బాగా పనికొస్తారు. వాళ్లు తలుపు తట్టిపెడతారు. భాగస్వామ్యాన్ని నడిపే పని మాత్రం వాళ్లకు అప్పజెప్పొద్దు. వాళ్ల ఉద్యోగాలు వాళ్లకున్నాయి. కన్సల్టెన్సీలను అసలే దగ్గరికి రానీయకండి. హన్మకొండలో ఎటు చూసినా వాళ్ల బోర్డులే. వాళ్ల పని పిల్లలను పంపడం, మీ పని వేరు.

కలిసి పాఠం చెప్పడం

తక్కువ ఖర్చుతో ఎక్కువ ఫలితం వచ్చేది కాయిల్ పద్ధతి, అంటే వేరే దేశం క్లాసుతో ఆన్‌లైన్‌లో కలిసి చదవడం. న్యూయార్క్ స్టేట్ యూనివర్సిటీ 2006లో దీనికో కేంద్రం పెట్టి ప్రపంచానికి అలవాటు చేసింది. ఉన్న పేపర్‌లోనే నాలుగు నుంచి ఆరు వారాల భాగాన్ని రెండు దేశాల విద్యార్థులు ఆన్‌లైన్‌లో జట్లుగా చేస్తారు. కొత్త కోర్సు అక్కర్లేదు, వీసా అక్కర్లేదు. బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో ఇంటర్నల్ మార్కుల కింద దీన్ని లెక్కించేలా ఒక తీర్మానం చేయించుకుంటే చాలు. ఆ మార్కులు లేకపోతే మన పిల్లలు రెండో వారం నుంచే మాయమవుతారు, మొహమాటం లేకుండా చెప్తున్నా.

అడ్డం వచ్చేది క్యాలెండరు. జర్మనీలో చలికాలపు సెమిస్టరు పాఠాలు అక్టోబరులో మొదలై ఫిబ్రవరి మధ్యలో ముగుస్తాయి. మన పీజీ మొదటి సంవత్సరం సీపీగెట్ (పీజీ ప్రవేశ పరీక్ష) కౌన్సెలింగ్ ఎప్పుడు తెగుతుందో దాన్ని బట్టి ఉంటుంది. అందుకే మొదటి సంవత్సరం వాళ్లను వదిలేసి మూడో సెమిస్టరు వాళ్లతో చేయండి. నవంబరు నెల ఇద్దరికీ కుదురుతుంది. దసరా అయిపోయి ఉంటుంది, వాళ్ల క్రిస్మస్ సెలవులు ఇంకా రావు.

క్రెడిట్ల మార్పిడికి ముందే ఒక పట్టిక రాసిపెట్టుకోండి. యూరప్‌లో ఏడాదికి 60 ఈసీటీఎస్ (అక్కడి ఉమ్మడి లెక్క) క్రెడిట్లు, మన జాతీయ క్రెడిట్ చట్రంలో ఏడాదికి 40. అంటే మన ఒక క్రెడిట్‌కు వాళ్లది ఒకటిన్నర. మన నాలుగు క్రెడిట్ల పేపరు వాళ్ల ఆరుకు సమానం. బ్రిటన్‌లో ఏడాదికి 120, కాబట్టి మన నాలుగు అక్కడ పన్నెండు. ఈ పట్టికను పరీక్షల విభాగం కంట్రోలర్ చేత ముందే ఒప్పించండి. విద్యార్థి తిరిగొచ్చి మెమో అడిగినప్పుడు "ఇది ఏ కాలమ్‌లో ఎక్కియ్యాలె?" అన్న ప్రశ్న రాకూడదు.

పాలసీ వైపు

యూనివర్సిటీకి సొంతంగా పాలసీ ఉండదు, పాలసీ చేసేవాళ్లకు ఆధారాలు అందిస్తుంది. కాబట్టి ఈ భాగస్వామ్యం ముక్కోణంగా ఉండాలి: మనం, విదేశీ సంస్థ, ఇక్కడి ప్రభుత్వ విభాగం. వరంగల్‌కు ఇందులో మంచి పేరే ఉంది. సెప్టిక్ ట్యాంకుల మలవ్యర్థాల నిర్వహణకు 2016లోనే నిబంధనలు తెచ్చుకున్న కార్పొరేషన్ ఇది. హైదరాబాద్‌లోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ (ఆస్కీ) దాని వెంట నిలబడింది. 2022లో యునెస్కో లెర్నింగ్ సిటీల నెట్‌వర్క్‌లో కూడా నగరం చేరింది. విదేశీ నగరపాలన విభాగాలతో మాట్లాడేటప్పుడు ఈ రెండు ముక్కలు చెప్తే వాళ్లు వెంటనే అందుకుంటారు.

కమిషనర్‌నో కలెక్టర్‌నో కలిసేటప్పుడు మందపాటి రిపోర్టు తీసుకెళ్లకండి. రెండు పేజీలు, ఒక మ్యాపు, చివర్లో "ఈ మూడు నాలాల దగ్గర ఇది చేయొచ్చు" అన్న మాట. ఆఫీసర్లు బదిలీ అవుతారు కాబట్టి కింద ఉండే ఇంజినీరు, టౌన్ ప్లానింగ్ వాళ్లు కూడా ఆ మీటింగులో ఉండేలా చూడండి. రేపు ఆ ఫైలు కదిలించేది వాళ్లే.

పరిశ్రమ వైపు

పరిశ్రమ కోసం విదేశాలకు చూస్తుంటాం గానీ, విదేశమే గీసుగొండకు వచ్చి కూర్చుంది. కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కులో దక్షిణ కొరియా సంస్థ యంగ్‌వన్ పెట్టుబడి పెట్టింది. ఆ గేటు దగ్గరికి వెళ్లి "మా పిల్లలకు ఉద్యోగాలివ్వండి" అని అడిగితే హెచ్‌ఆర్ వాళ్లు ఒక ఫారం ఇస్తారు. "మీ దగ్గర ఏ పరీక్షలు బయటికి పంపిస్తున్నారు, ఎంత టైం పడుతోంది?" అని అడిగితే సంభాషణ మొదలవుతుంది. అద్దకపు నీళ్ల శుద్ధి, బట్ట నాణ్యత పరీక్ష లాంటివి మన కెమిస్ట్రీ ల్యాబులు చేయగలిగినవే. దాంతోపాటు కొరియన్ భాష నేర్పే చిన్న కోర్సు పెట్టండి. కొరియా ప్రభుత్వం నడిపే కింగ్ సెజాంగ్ ఇన్‌స్టిట్యూట్‌కు ఆతిథ్యం ఇస్తామని దరఖాస్తు చేసుకునే వీలు కూడా ఉంది. ఈ రెండూ ఏడాది నడిచాక కొరియాలోని టెక్స్‌టైల్ విభాగంతో మాట్లాడండి. అప్పుడు మీ పరిచయం గీసుగొండ ఫ్యాక్టరీయే చేస్తుంది.

మిర్చి మరో దారి. ఎనుమాముల యార్డుకు వచ్చే సరుకు, 2025లో జీఐ (భౌగోళిక) గుర్తింపు తెచ్చుకున్న వరంగల్ చపాటా. దీనికి ఘాటు తక్కువ, రంగు ఎక్కువ. యూరప్‌కు ఎండుమిర్చి పోవాలంటే బూజు వల్ల పుట్టే అఫ్లటాక్సిన్ అనే విషం మొత్తం కిలోకు 10 మైక్రోగ్రాములు, అందులో బీ1 రకం 5 దాటకూడదు. ఆరబెట్టే కల్లం దగ్గరే బూజు పట్టకుండా ఆపడం మీద అక్కడి ఆహార భద్రత విభాగంతో కలిసి పనిచేస్తే, ఎగుమతిదారు కూడా డబ్బు పెడతాడు, రైతుకూ రేటు వస్తుంది.

ఏ కంపెనీతోనైనా పని మొదలుకాకముందే మూడు విషయాలు రాతలో పెట్టుకోండి: పేటెంటు వస్తే ఎవరిది, విద్యార్థి తన థీసిస్ అచ్చు వేసుకోవచ్చా, కంపెనీ సమాచారం ఎంతకాలం గోప్యంగా ఉంచాలి. రెండోదాని మీద రాజీ పడకండి.

ఇక కాగితాలు

ఒప్పందం రెండు అంచెల్లో రాయండి. పైది రెండు పేజీల ఎంఓయూ, ఐదేళ్ల గడువు. కిందది ఒక్కో పనికి ఒక అనుబంధం: ఎవరు, ఎప్పుడు, ఎంత ఖర్చు, ఎవరి ఖర్చు. "పరస్పర ఆసక్తి గల రంగాల్లో సహకారం" అన్న వాక్యం ఒక్కటే ఉంటే వెనక్కి పంపండి. ఎగ్జిక్యూటివ్ కౌన్సిల్ తేదీ ముందే కనుక్కుని అజెండాలో ఎక్కించండి. విదేశీ అతిథి వచ్చే రోజు తెల్లారి ర్యాటిఫికేషన్ (కౌన్సిల్ ఆమోదం) కోసం పరుగులు పెట్టొద్దు.

డబ్బు బయటి దేశం నుంచి వస్తుందంటే విదేశీ విరాళాలను నియంత్రించే 2010 నాటి ఎఫ్‌సీఆర్‌ఏ చట్టం మీ సంస్థకు వర్తిస్తుందా, మినహాయింపు ఉందా అన్నది ఫైనాన్స్ ఆఫీసర్ చేత రాతలో తీసుకోండి. రిజిస్ట్రేషన్ కావాల్సిన సంస్థలు 2020 సవరణ తర్వాత ఆ నిధులను ముందుగా ఢిల్లీలోని ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచి ఖాతాలోకే తీసుకోవాలి. చపాటా విత్తనమో, ఏటూరునాగారం అడవి మొక్కో అవతలికి పంపాలంటే 2002 జీవవైవిధ్య చట్టం ఉంది, చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య సంస్థను అడగాలి. సూట్‌కేసులో నాలుగు గింజలు పెట్టివ్వడం కూడా తప్పే. మెడికల్ కాలేజీలతో కలిసి రక్త నమూనాలు, రోగుల వివరాల మీద విదేశీ సహకారంతో పరిశోధన అంటే ఐసీఎంఆర్ ద్వారా నడిచే ఆరోగ్యశాఖ స్క్రీనింగ్ కమిటీ దగ్గరికి పోవాలి.

మనిషి వచ్చేటప్పుడు టూరిస్టు వీసా మీద వచ్చి పాఠం చెప్తానంటే ఒప్పుకోవద్దు, కాన్ఫరెన్సుకైతే కాన్ఫరెన్సు వీసా ఉంటుంది. గెస్ట్‌హౌస్‌లో దిగిన 24 గంటల్లోపు విదేశీ అతిథి వివరాల ఫారం (ఇదివరకు సీ ఫారం అనేవాళ్లు) ఆన్‌లైన్‌లో నింపాలి. ఆ లాగిన్ మీ గెస్ట్‌హౌస్‌కు ఉందో లేదో ఈ రోజే చూసుకోండి. గెస్ట్‌హౌస్‌లో గీజరు, వైఫై, తాగే నీళ్లు కూడా ఒకసారి చూడండి. బస బాగుంటే మిగతాదంతా కాజీపేట స్టేషన్‌లో ఎదురెళ్లి తీసుకొచ్చే పరిశోధక విద్యార్థి చూసుకుంటాడు.

మీరు వెళ్లిపోయాక

రెండేళ్లకో మూడేళ్లకో ఈ కుర్చీలో ఇంకొకరు కూర్చుంటారు. అందుకని ఉత్తరప్రత్యుత్తరాలు మీ సొంత జీమెయిల్‌లో కాకుండా పదవి పేరు మీద ఉండే మెయిల్‌లో నడపండి. ఒక్కో భాగస్వామ్యానికి ఒకే పేజీ పెట్టండి: అటు మనిషి, ఇటు మనిషి, చివరగా జరిగిన పని, తర్వాత జరగాల్సిన పని, గడువు తేదీ. ప్రతి డిసెంబరులో ఆ పేజీలు తిరగేయండి. ఏడాదంతా ఏ పనీ జరగని ఒప్పందం ఉంటే అవతలివాళ్లకు నేరుగా రాసి, కొనసాగిద్దామా, ముగిద్దామా అని అడగండి. ముగిద్దామంటే థాంక్స్ చెప్పి ముగించండి, ఆ సంగతి కౌన్సిల్‌కు తెలియజేయండి. వాళ్ల ప్రొఫెసర్ రిటైరై, మనవాడు వేరే యూనివర్సిటీకి పోయినప్పుడు గడువు పొడిగించకండి. ఆ చోటు స్కోపస్ జాబితాలో ఎదురుచూస్తున్న ఇంకో మేడానికి ఇవ్వండి.